కోచ్ గడప దాటుతున్నాడా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోల: అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ కోచ్‌ల వలస. పిల్లలు అక్కడ చదువుతున్నారు, ఫోన్ చేస్తే పరీక్షల సంగతి రెండు ముక్కలు, కోచ్ సంగతి ఇరవై ముక్కలు చెబుతున్నారని తల్లిదండ్రుల మాట. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాం. చివరి ప్రశ్న మాత్రం మన మైదానానిది.

ప్రశ్న: మా అబ్బాయి లూజియానా స్టేట్ యూనివర్సిటీలో ఎం.ఎస్. చేస్తున్నాడు. పక్క రాష్ట్రం కాలేజీ కోచ్ వీళ్ల కాలేజీకి వచ్చాడని ఇక్కడ పండగ, అక్కడ శాపనార్థాలు అట. కాలేజీ కోచ్ అంటే మన పీఈటీ మాస్టారే కదా! ఆయన బదిలీకి ఇంత హడావిడి దేనికి?
– ఒక తండ్రి, బరంపురం

జవాబు: పీఈటీ మాస్టారి లెక్కలో చూస్తే అర్థం కాదండీ. ముందు ఆట వేరు. ఇది కోలబంతిని చేత పట్టుకుని, తలకు హెల్మెట్ పెట్టుకుని, ఒకరినొకరు గుద్దుకుంటూ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. మీవాడి కాలేజీ స్టేడియంలో 1,02,321 మంది కూర్చోవచ్చు. అలాంటి ఆటను నడిపే మనిషికి విశ్వవిద్యాలయం ఉపకులపతి కంటే, రాష్ట్ర గవర్నర్ కంటే ఎన్నో రెట్లు జీతం. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ ఖజానా పేరు మీద అత్యధిక జీతం తీసుకునేది ఏదో ఒక ఫుట్‌బాల్ లేదా బాస్కెట్‌బాల్ కోచే.

మీవాడు చెబుతున్న మనిషి లేన్ కిఫిన్. మిసిసిపీ విశ్వవిద్యాలయం, అంటే అందరూ ‘ఓల్ మిస్’ అని పిలిచే కాలేజీకి ఆరు సీజన్లలో 55 గెలుపులు, 19 ఓటములు. 2025 సీజన్లో 12 మ్యాచ్‌లకు 11 గెలిచాడు. ఇక అసలైన ప్లేఆఫ్ పోటీలు మొదలవుతాయనగా నవంబరు 30న లూజియానాకు వెళ్లిపోతున్నానని ప్రకటించాడు. మనకు డిసెంబరు 1 తెల్లవారేసరికి వార్త వచ్చేసింది. కొత్త ఒప్పందం 7 ఏళ్లకు సుమారు 9.1 కోట్ల డాలర్లు. ఈ రెండు కాలేజీలూ ఒకే లీగ్‌లో ఉన్నాయి, ‘మాగ్నోలియా బౌల్’ అని వీళ్ల పోటీకి ఒక ట్రోఫీ కూడా ఉంది. ఓల్ మిస్ అభిమానులు విమానాశ్రయానికి వెళ్లి మరీ దిగబెట్టారు, దండలతో కాదు, తిట్లతో. 2010 జనవరిలో ఇదే మనిషి టెన్నెసీని ఒక్క సీజన్‌కే వదిలి సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి వెళ్లినప్పుడు అక్కడి విద్యార్థులు రోడ్డు మీద పరుపులు తగలబెట్టారు. కాబట్టి అలవాటైన వీడ్కోలే.

ప్రశ్న: ప్రతి నవంబరులో ‘ఫలానా కోచ్ ఫలానా కాలేజీకి’ అని వాట్సాప్ నిండా కబుర్లు. సగం అబద్ధమని తర్వాత తేలుతుంది. ఏది గాలికబురో, ఏది నిజమో ముందే పట్టుకునే పద్ధతి ఉందా?
– అమెరికాలో ఇద్దరు పిల్లలున్న దంపతులు, పర్లాకిమిడి

జవాబు: ఉంది. అయితే కోచ్ నోటి మాటతో మొదలుపెట్టకండి, అది ఆఖరున చూడవలసింది.

మొదట చూడవలసింది కుర్చీ ఖాళీ ఉందా అని. ఖాళీ లేని కుర్చీ గురించి వచ్చే కబురు పదింట తొమ్మిది ఉత్తిదే. లూజియానాలో 2025 అక్టోబరు 26న బ్రయాన్ కెల్లీని తీసేశారు. ఆ రోజు నుంచి కిఫిన్ పేరుకు బరువు వచ్చింది. అదే సమయంలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలోనూ కుర్చీ ఖాళీ. రెండు ఖాళీలు, ఒక మనిషి. ఇక కబుర్లకు కొదవేముంటుంది!

తర్వాత కోచ్ ప్రస్తుత ఒప్పందం వెతకండి. ప్రభుత్వ విశ్వవిద్యాలయమైతే సమాచార చట్టం కింద విలేకరులు కాగితాలు తెప్పిస్తారు. యూఎస్ఏ టుడే పత్రిక ఏటా కోచ్‌ల జీతాల పట్టిక వేస్తుంది. సదరన్ కాలిఫోర్నియా, నోటర్ డేమ్ లాంటి ప్రైవేటు విశ్వవిద్యాలయాలకు ఈ బాధ లేదు, అక్కడి అంకెలు చాలావరకు ఊహలే. ఒప్పందంలో చూడవలసింది జీతం కాదు. మధ్యలో మానేస్తే కోచ్ కట్టవలసిన సొమ్ము ఎంత, అది ఏ తేదీన తగ్గుతుంది అన్నది చూడండి. చాలా ఒప్పందాల్లో ఆ సొమ్ము ఏడాదికోసారి ఒక మెట్టు దిగుతుంది. మెట్టు దిగే తేదీకి వారం ముందు పుకారు వేడెక్కితే, దాని వెనక లెక్క తెలిసిన మనిషి ఎవరో ఉన్నారన్నమాట.

మూడోది వార్త రాసిన మనిషి. పేరున్న విలేకరా, ఎక్కడ పని చేస్తాడు, పోయిన ఏడాది ఎన్ని సరిగ్గా చెప్పాడు? ఈ సీజన్లో నకిలీ ఖాతాలు పుట్టగొడుగుల్లా లేస్తాయి. విలేకరి ఖాతా పేరులో ‘ఓ’ అక్షరం బదులు సున్నా పెడతారు, చిన్న ‘ఎల్’ బదులు పెద్ద ‘ఐ’ పెడతారు. ఫొటో, నీలం టిక్కు అచ్చం అలాగే ఉంటాయి. వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ వస్తే నమ్మకండి, ఆ ఖాతాకు మీరే వెళ్లి ఆ పోస్టు ఉందేమో చూడండి. రెండు నిమిషాల పని.

అసలు వార్తే అయినా అందులో వాడిన మాట తూకం వేయాలి. ‘ఫలానా కోచ్ మీద కన్నుంది’ అంటే కాలేజీకి ఆశ ఉందని మాత్రమే, కోచ్‌కు ఆ సంగతి తెలియకపోవచ్చు కూడా. ‘మాటలు జరుగుతున్నాయి’ అంటే ఏజెంటుతో ఫోన్ కలిసింది. ‘ఖరారు దశలో’ అంటే అంకె కుదిరింది, కాగితం మిగిలింది. ‘సంతకం’ అనేది వేరే మెట్టు. ఈ నాలుగింటినీ ఒకే గాటన కట్టేసి ఫార్వర్డ్ చేయడం వల్లే సగం గందరగోళం.

విమానం సంగతి ఒకటి చెప్పాలి. అమెరికా అభిమానులు ప్రైవేటు విమానాల తోక నంబర్లు పట్టుకుని, ఫ్లైట్‌అవేర్ లాంటి సైట్లలో ఏ విమానం ఏ ఊళ్లో దిగిందో చూస్తూ కూర్చుంటారు. అక్కడి విమానాల నంబర్లు ‘ఎన్’ అక్షరంతో మొదలవుతాయి. సరదాగానే ఉంటుంది గానీ సాక్ష్యంగా పనికిరాదు. ఒక్కో విమానం నలుగురైదుగురు వ్యాపారులకు అద్దెకు తిరుగుతుంది. సీజన్ చివర్లో కోచ్‌లు కొత్త ఆటగాళ్ల ఇళ్లకు తిరిగే రోజులూ ఇవే. కావాలంటే యజమాని తన విమానాన్ని ఆ సైట్లలో కనిపించకుండా చేయించుకోవచ్చు కూడా, అంటే నిజంగా దాచవలసిన ప్రయాణం మీకు కనపడదు. కనపడిన ప్రయాణం చాలాసార్లు హైస్కూలు కుర్రాడి ఇంటికే.

విమానం కంటే నమ్మకమైనది పాలక మండలి సమావేశం నోటీసు. ప్రభుత్వ విశ్వవిద్యాలయం పెద్ద ఒప్పందాన్ని మండలి ముందు పెట్టాలి. సమావేశానికి ముందే ఎజెండా బయట పెట్టాలని బహిరంగ సమావేశాల చట్టాలు చెబుతాయి, లూజియానాలో కనీసం 24 గంటల ముందు. ఎజెండాలో ‘క్రీడా సిబ్బంది ఒప్పందం’ అన్న వరుస కనపడితే కబురు పండినట్టే. విసుగు పుట్టించే కాగితం కాబట్టి ఎవరూ చూడరు. మీరు చూడండి.

ఇక పుకారు పుట్టించేది ఎవరన్నది. చాలాసార్లు ఏజెంటే. పెద్ద కోచ్‌లలో ఎందరికో జిమ్మీ సెక్స్‌టన్ అనే ఒక్క ఏజెంటే. నిక్ సాబన్, కిఫిన్, జింబో ఫిషర్ అందరూ ఆయన మనుషులే. ‘పక్కవాళ్లు అడుగుతున్నారట’ అన్న గాలి వీస్తే ఉన్న కాలేజీ జీతం పెంచుతుంది. 2021లో పెన్ స్టేట్ కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్ పేరు సదరన్ కాలిఫోర్నియాకూ లూజియానాకూ తెగ వినిపించింది. నవంబరులో పెన్ స్టేట్ భయపడి 10 ఏళ్ల కొత్త ఒప్పందం ఇచ్చింది. ఫ్రాంక్లిన్ ఎక్కడికీ వెళ్లలేదు. పుకారు అబద్ధం, దాని ఫలం మాత్రం నిజం. నాలుగేళ్లు తిరక్కుండానే, 2025 అక్టోబరులో, వాళ్లే ఆయన్ని తీసేశారు.

ప్రశ్న: ‘బైఅవుట్’ అంటారు, కోట్లంటారు. పంపేసినవాడికి డబ్బివ్వడమేంటి? మానేసినవాడు డబ్బు కట్టడమేంటి? మా చెల్లెలి కొడుకు చెప్పినది నాకు బుర్రకెక్కలేదు.
– బ్యాంకులో పనిచేసి రిటైరైన పాఠకురాలు, రాయగడ

జవాబు: మీకు బ్యాంకు లెక్కలు కొట్టినపిండి కాబట్టి అంకెలతోనే చెబుతాం. ఒకటే పేరుతో రెండు వేరు వేరు సొమ్ములు తిరుగుతున్నాయి, తికమక అక్కడే.

మొదటిది, కాలేజీ పంపేస్తే కాలేజీ కట్టేది. ఉదాహరణకు ఒక కోచ్‌కు ఏడాదికి 60 లక్షల డాలర్లు, ఇంకా 5 ఏళ్లు మిగిలి ఉన్నాయి అనుకోండి. మొత్తం 3 కోట్లు. ఒప్పందంలో 80 శాతానికి హామీ ఉంటే బాకీ 2.4 కోట్లు. ఇక్కడ ‘తగ్గింపు షరతు’ ఉందో లేదో చూడాలి. ఉంటే, పంపేసిన కోచ్ కొత్త ఉద్యోగం వెతుక్కోవాలి, అక్కడ వచ్చే జీతాన్ని పాత కాలేజీ బాకీలోంచి కొట్టేస్తారు. కొత్తచోట ఏడాదికి 20 లక్షల చొప్పున 5 ఏళ్లకు కోటి వస్తే, పాత కాలేజీ కట్టేది 1.4 కోట్లే.

ఈ షరతు లేకపోతే ఏమవుతుందో టెక్సస్ ఏ అండ్ ఎం కాలేజీని అడగాలి. 2017 డిసెంబరులో ఫ్లోరిడా స్టేట్ నుంచి జింబో ఫిషర్‌ను లాక్కొచ్చి 10 ఏళ్లకు 7.5 కోట్ల డాలర్లు పూర్తి హామీతో రాసిచ్చారు. 2021లో ఇంకా పెంచి పొడిగించారు. 2023 నవంబరు 12న పంపేశారు, బాకీ 7.5 కోట్ల పైచిలుకు. ఆయన రేపు ఎక్కడ చేరినా ఒక్క డాలరూ తగ్గదు. ఫ్రాంక్లిన్ విషయంలో షరతు ఉంది. పెన్ స్టేట్‌కు సుమారు 4.9 కోట్ల బాకీ అన్నారు, నెల దాటిన కొద్ది రోజులకే ఆయన వర్జీనియా టెక్‌లో చేరాడు, చివరికి 90 లక్షలకు తెగింది. ఒప్పందంలో ఒక పేరా చేసిన తేడా ఇది. లూజియానా తీసేసిన కెల్లీ బాకీ సుమారు 5.4 కోట్లు. దాని మీద గవర్నర్ జెఫ్ లాండ్రీ బహిరంగంగా మండిపడ్డాడు, ఆ ఒప్పందం రాసిన క్రీడా డైరెక్టర్ స్కాట్ వుడ్‌వర్డ్ కొద్ది రోజుల్లోనే వెళ్లిపోవలసి వచ్చింది. 2017లో ఫిషర్‌కు మొదటి ఒప్పందం రాసిచ్చినదీ ఈ వుడ్‌వర్డే. ఉదారమైన చెయ్యి.

రెండోది, కోచ్ తనంతట తాను మానేస్తే పాత కాలేజీకి కట్టేది. ఇది మొదటిదానికంటే చాలా చిన్నది, సాధారణంగా కొత్త కాలేజీయే కట్టేస్తుంది. కానీ ఎవరు కడతారన్నది ముందే రాసుకోకపోతే కోర్టు మెట్లు ఎక్కాలి. 2007 డిసెంబరులో రిచ్ రోడ్రిగేజ్ వెస్ట్ వర్జీనియా వదిలి మిషిగన్ వెళ్లాడు. కట్టవలసింది 40 లక్షలు. కట్టనన్నాడు, వాళ్లు దావా వేశారు. చివరికి మిషిగన్ 25 లక్షలు, ఆయన జేబులోంచి 15 లక్షలు.

ప్రశ్న: పెళ్లికొడుకు మూడుముళ్లు వేయకుండా పక్క పందిట్లోకి వెళ్లి కూర్చున్నట్టుంది ఈ వ్యవహారం. ప్లేఆఫ్ ఆడి, ఆ తర్వాత పోకూడదా?
– జయపురం నుంచి ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: పోలిక బాగుంది. కానీ తప్పు పెళ్లికొడుకుది ఒక్కడిదే కాదు, ముహూర్తాలు పెట్టినవాళ్లది కూడా. హైస్కూలు ఆటగాళ్లు కాలేజీలకు సంతకాలు చేసే తేదీ 2025లో డిసెంబరు 3. ఇప్పటికే కాలేజీలో ఉన్న ఆటగాళ్లు వేరే కాలేజీకి మారే బదిలీ కిటికీ జనవరి 2 నుంచి 16. ప్లేఆఫ్ పోటీలు డిసెంబరు మూడో వారంలో మొదలై జనవరి మూడో వారం దాకా. అంటే కొత్త కాలేజీ జట్టును కట్టుకోవలసిన రోజులూ పాత కాలేజీ కప్పు కోసం ఆడవలసిన రోజులూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కొత్త కోచ్ జనవరి ఆఖరున వస్తే అతనికి మిగిలేది తాలు గింజలే. అందుకే నవంబరు ఆఖరు శనివారం మ్యాచ్ అయిన మర్నాడే అందరూ సంచులు సర్దుతారు.

కిఫిన్ మాత్రం ప్లేఆఫ్ దాకా ఉంటానన్నాడు. ఓల్ మిస్ క్రీడా డైరెక్టర్ కీత్ కార్టర్ ఒప్పుకోలేదు. మన ఆటగాళ్లతో రోజూ కూర్చునే మనిషి రాత్రికి శత్రు కాలేజీ కోసం ఫోన్లు చేస్తుంటే ఎలా? డిఫెన్స్ చూసే పీట్ గోల్డింగ్‌ను హెడ్ కోచ్ చేసేశారు. అదే సమయంలో ట్యులేన్ కోచ్ జాన్ సమ్రాల్ ఫ్లోరిడాకు సంతకం చేశాడు, ట్యులేన్ మాత్రం ‘ఆడించి వెళ్లు బాబూ’ అంది. ప్లేఆఫ్ మొదటి రౌండులో ఈ రెండు జట్లే తలపడ్డాయి, ఓల్ మిస్ 41–10తో గెలిచింది. ఒక పక్క వెళ్లిపోతూ ఉన్నవాడు, ఇంకో పక్క వెళ్లిపోయినవాడి కుర్చీలో కూర్చున్నవాడు. ఫ్లోరిడా, ట్యులేన్ వేరు వేరు లీగ్‌లు కాబట్టి ట్యులేన్ పట్టనట్టు ఉండగలిగింది. అదే ఏటా ఎదురుపడే శత్రువుకు పోతుంటే ఎవరూ ఉండనివ్వరు, ఉండనివ్వకపోవడమే సరి.

ప్రశ్న: ‘నేను ఎక్కడికీ వెళ్లను’ అని చెప్పి మర్నాడే వెళ్లిన కోచ్‌ల మీద చర్య ఉండదా?
– గుణుపురం

జవాబు: ఉండదు. 1998లో ఓల్ మిస్ కోచ్ టామీ టబర్‌విల్ తనను ఇక్కడి నుంచి శవపేటికలోనే మోసుకుపోవాలన్నాడు. రోజుల వ్యవధిలో ఆబర్న్ కాలేజీలో తేలాడు. తర్వాత అలబామా నుంచి సెనేటర్ కూడా అయ్యాడు. లూజియానాకు 2003 కప్పు తెచ్చిన నిక్ సాబన్, మయామీ డాల్ఫిన్స్ అనే ప్రొఫెషనల్ జట్టులో ఉండగా 2006 డిసెంబరు 21న అలబామా కోచ్‌ని కాబోనని తేల్చి చెప్పాడు. 2007 జనవరి 3న అలబామాలో విమానం దిగాడు. అక్కడ ఆరు జాతీయ కప్పులు గెలిచి 2024 జనవరిలో రిటైరయ్యాడు. ఇప్పుడు అలబామాలో ఆ మాట ఎవరికీ గుర్తులేదు, లూజియానాలో ఎవరూ మరిచిపోలేదు. మీరు గమనించవలసింది ఏ కాలంలో మాట్లాడుతున్నాడన్నది. ‘నేను ఈ కాలేజీ కోచ్‌ని’ అన్నది వర్తమానం, ఆ నిమిషానికి నిజం. ‘వచ్చే సెప్టెంబరులో ఇక్కడే ఉంటాను’ అన్నది వేరు. దాన్ని కోచ్‌లు చాలా అరుదుగా అంటారు.

ప్రశ్న: కోచ్ వెళితే ఆటగాళ్లు కూడా వెళ్లిపోతారా? మన దగ్గర అలా కుదురుతుందా?
– ఒడిశా ఎఫ్‌సీ అభిమాని, ఛత్రపురం

జవాబు: అమెరికాలో 2021కి ముందు కాలేజీ మారితే ఏడాది బెంచీ మీద కూర్చోవాలి. ఆ నిబంధన పోయింది. ఇప్పుడు హెడ్ కోచ్ మారితే, కొత్త కోచ్‌ను తీసుకున్న అయిదు రోజులకు ఆ కాలేజీ ఆటగాళ్ల కోసం ప్రత్యేకంగా 15 రోజుల కిటికీ తెరుచుకుంటుంది. 2021 నవంబరులో లింకన్ రైలీ ఓక్లహోమా వదిలి సదరన్ కాలిఫోర్నియా వెళ్తే, బంతి విసిరి ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ కాలెబ్ విలియమ్స్ వెనకే వెళ్లాడు, 2022లో, ఉత్తమ కాలేజీ ఆటగాడికి ఏటా ఇచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు. 2025 జులై నుంచి కాలేజీలే ఆటగాళ్లకు నేరుగా డబ్బివ్వవచ్చు, మొదటి ఏడాదికి కాలేజీకి 2.05 కోట్ల డాలర్లు పరిమితి. కాబట్టి కోచ్ మీద ప్రేమ ఎంత, సంచిలో సొమ్ము ఎంత అన్నది విడదీసి చెప్పడం కష్టం.

మన దగ్గర? మీకు తెలియనిదేముంది! కోచ్ సెర్జియో లొబేరా గోవా నుంచి ముంబై సిటీకి వెళ్లినప్పుడు ముర్తదా ఫాల్, అహ్మద్ జాహూ, హ్యూగో బూమూస్, మందార్ రావు దేశాయ్ వెనకే వెళ్లారు, 2020–21లో ముంబై ఇండియన్ సూపర్ లీగ్ షీల్డు, కప్పు రెండూ ఎత్తింది. 2023లో ఆయన ఒడిశా ఎఫ్‌సీకి వస్తే ఫాల్, జాహూ భువనేశ్వర్‌లో దిగారు. 2025 నవంబరులో ఆయన మోహన్ బగాన్‌కు వెళ్లినప్పుడు మీ గుండె చివుక్కుమన్నట్టే ఓల్ మిస్ వాళ్లకూ అయ్యింది. ఒక తేడా ఉంది: ఇక్కడ ఆటగాడికి క్లబ్బుతో ఒప్పందం, అది ముగిసేదాకా లేదా క్లబ్బులు మాట్లాడుకునేదాకా కదలలేడు. అక్కడ కుర్రాడు పోర్టల్‌లో, అంటే కాలేజీ మారదలచినవాళ్ల జాబితాలో, పేరు వేసుకుంటే చాలు.

ప్రశ్న: మ్యాచ్‌లు మన టైంలో ఎప్పుడు? ఏ కోచ్ ఎక్కడికన్నదాని మీద పందేలు కూడా ఉన్నాయని మా తమ్ముడు అంటున్నాడు.
– కాశీనగర్

జవాబు: లూజియానా శనివారం సాయంత్రం 6.30 మ్యాచ్ మనకు సెప్టెంబరు, అక్టోబరుల్లో ఆదివారం ఉదయం 5 గంటలకు. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారం గంట వెనక్కి తిప్పుతారు, ఆ తర్వాత 6 గంటలకు. కోచ్‌ల వార్తలు అక్కడి ఆదివారం పేలుతాయి, మనకు ఆదివారం రాత్రి నుంచి సోమవారం తెల్లవారుజాము దాకా. పందేల జోలికి మాత్రం వద్దనండి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. పైగా కోచ్‌ల పందేలు చిన్న సంత. కాస్త సొమ్ము పడేసరికి అంకె కదులుతుంది, ఆ కదిలిన అంకెనే ‘లోపలి కబురు’ అని మళ్లీ వార్తగా రాస్తారు. తోక కుక్కను ఊపుతోందన్నమాట.

ప్రశ్న: మాది బరంపురంలో కాలేజీ పూర్వ విద్యార్థులు నడిపే చిన్న ఫుట్‌బాల్ క్లబ్బు. 22 మంది కుర్రాళ్లు. కోచ్‌కు నెలకు 12 వేలు ఇస్తున్నాం, కోచింగ్‌కు కావలసిన డి లైసెన్సు కోర్సు ఖర్చు 18 వేలు మేమే పెట్టుకున్నాం. పక్క క్లబ్బు 15 వేలు ఇస్తానందని గుప్పుమంది. ‘మూడేళ్లదాకా జిల్లాలో ఏ క్లబ్బుకూ కోచింగ్ ఇవ్వకూడదు’ అని బాండు రాయించుకోమంటున్నారు మా కమిటీవాళ్లు. చెల్లుతుందా?
– కార్యదర్శి, బరంపురం

జవాబు: చెల్లదండీ. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం, మనిషి తన వృత్తి చేసుకోకుండా అడ్డం కొట్టే షరతు పనికిరాదు. మీ దగ్గర పని మానేసిన తర్వాత పక్క క్లబ్బుకు పోవద్దని కట్టేయలేరు. కానీ మీ దగ్గర పని చేస్తున్నంత కాలం వేరే క్లబ్బుకు చేయకూడదని రాయవచ్చు. గడువు లోపల మానేస్తే ఇంత కట్టాలని కూడా రాయవచ్చు. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వరంగ బ్యాంకు ఉద్యోగి కేసులో, మూడేళ్లు చేయకుండా మానేస్తే 2 లక్షలు కట్టాలన్న బాండును సమర్థించింది. అయితే 74వ సెక్షన్ ఒకటుంది. రాసుకున్న అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే, కోర్టు దానికి లోబడి సబబైన పరిహారమే ఇప్పిస్తుంది. 12 వేల జీతగాడికి 2 లక్షల బాండు రాస్తే అది భయపెట్టడానికే తప్ప వసూలుకు పనికిరాదు.

కాబట్టి అంకెను ఖర్చుకు కట్టండి. కోర్సుకు మీరు పెట్టిన 18 వేలకు రశీదు ఉంది కదా. సంతకం చేసిన తేదీ నుంచి 18 నెలలు పని చేస్తే బాకీ సున్నా, మధ్యలో మానేస్తే మిగిలిన నెలకు వెయ్యి చొప్పున అని రాయండి. 7 నెలలకు మానేస్తే 11 వేలు. పక్క క్లబ్బుకు నిజంగా కావాలంటే ఆ 11 వేలు వాళ్లే కడతారు, అమెరికాలో జరిగేదీ ఇదే. నోటీసు 60 రోజులు, లేదా రెండు నెలల జీతం 24 వేలు. ఈ నోటీసు షరతు ఇరుపక్షాలకూ ఉండాలి. మీరు పంపేసినా 60 రోజులు ఇవ్వాలి. ఒకవైపే ఉండే షరతు తగువు పడినప్పుడు నిలబడటం కష్టం. ఇప్పటిదాకా కాగితం లేకుండా నడిచింది కాబట్టి పాత తేదీ వేసి రాయించుకోకండి, అది లేనిపోని చిక్కు.

ముగింపు తేదీ ఎక్కడ పడుతుందో చూసుకోండి. చాలా క్లబ్బులు అలవాటుగా మార్చి 31 వేస్తాయి. మీ లీగ్ ఏప్రిల్‌లో ఉంటే సెమీఫైనల్ ముందు కోచ్ చేతులు దులుపుకుంటాడు, తప్పు మీదే. చివరి మ్యాచ్ అయిన 15 రోజులకు ముగిసేటట్టు పెట్టండి. ఒప్పందం ముగియడానికి మూడు నెలల ముందే కొత్త జీతం మాట్లాడండి. ఇప్పుడు పక్కవాళ్లు వేస్తున్న ఎర నెలకు 3 వేలు, ఏడాదికి 36 వేలు. దాంట్లో సగం మీరు పెంచినా చాలామంది కదలరు, ఎందుకంటే తెలిసిన 22 మంది కుర్రాళ్లను వదిలి కొత్తగా మొదలుపెట్టడం ఎవరికీ ఇష్టముండదు. పుకారు విన్నాక కమిటీలో చెవులు కొరుక్కునే బదులు ముందు ఆయన్నే పిలిచి అడగండి: ‘మాస్టారూ, 15 వేలన్నారట, నిజమేనా?’ సగం పుకార్లు ఈ ఒక్క మాటకే పోతాయి.

కాగితం భాష సంగతి కూడా. కోచ్ ఒడియా చదువుతాడు, కమిటీ తెలుగు మాట్లాడుతుంది, నమూనా ఇంగ్లిషులో దొరుకుతుంది. రెండు భాషల్లో రాస్తే తేడా వచ్చినప్పుడు ఏది ప్రమాణమో ఒక వాక్యం చేర్చండి. స్టాంపు కాగితం, ఇద్దరు సాక్షులు, ఇద్దరి దగ్గరా చెరొక ప్రతి. ఆయన అసలు సర్టిఫికెట్లు మీ బీరువాలో పెట్టుకోవద్దు.

అన్నిటికంటే ఎక్కువ క్లబ్బులు దెబ్బతినేది డబ్బు దగ్గర కాదు, ఫోన్ నంబరు దగ్గర. ఆటగాళ్ల నమోదు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య సీఆర్ఎస్‌లో, అంటే ఆన్‌లైన్ కేంద్ర నమోదు వ్యవస్థలో, ఉంటుంది. మొదట్లో ఎవరో ఒకరు చేయాలి కాబట్టి కోచ్ తన మెయిలు, తన నంబరుతో లాగిన్ చేసేస్తాడు. ఆయన వెళ్లిన రోజు నుంచి ఓటీపీలన్నీ పక్క క్లబ్బు మైదానంలో మోగుతుంటాయి. ఈ వారమే క్లబ్బు పేరు మీద ఒక మెయిలు, ఒక సిమ్ తీసుకుని, కోచ్ మీతో బాగున్నప్పుడే మార్పించుకోండి. వాట్సాప్ గ్రూపుకు కార్యదర్శిని కూడా అడ్మిన్ చేయించండి. కుర్రాళ్ల జనన ధ్రువపత్రాల ప్రతులు, హాజరు పుస్తకం, గాయాల వివరాలు, ప్రాక్టీసు ప్లాన్లు క్లబ్బువని ఒప్పందంలో రాసి, నెలకోసారి ఫొటో తీసి ఆ మెయిలుకు పంపించుకోండి. బంతులు, బిబ్బులు, కోన్లు, పంపు, వలలు పుస్తకంలో ఎక్కించి సంతకం పెట్టించండి. చిరిగినవి, పోయినవి ప్రతి నెలా కొట్టేయాలి, లేకపోతే వెళ్లే రోజున లేని రెండు బంతుల కోసం ఆఖరి జీతం ఆపారనే మాట వస్తుంది. ఆఖరి జీతం ఎన్ని రోజుల్లో ఇస్తారో అదే కాగితంలో రాయండి, సామాను అప్పగించిన 7 రోజుల్లో అయితే ఇద్దరికీ సౌకర్యం.